ఈరీ సరస్సులో వాలై చేపల కోసం ఇన్‌లైన్ ప్లేనర్ బోర్డులు: సామాను కొనడం నుంచి చేపని బోటులోకి తీసేదాకా

అమెరికా, కెనడాల మధ్య ఉన్న ఈరీ సరస్సు పడమటి భాగం సగటు లోతు దాదాపు 24 అడుగులే. వాలై చేపలకి ఈ మేర పుట్టిల్లు. మార్చి, ఏప్రిల్ నెలల్లో మౌమీ, సాండస్కీ నదుల్లోనూ, ఒహాయో తీరంలోని పోర్ట్ క్లింటన్ బయట ఉన్న రాతి దిబ్బల మీదా గుడ్లు పెడతాయి. ఎండలు ముదిరేకొద్దీ చాలా భాగం క్లీవ్‌లాండ్, ఆష్టబ్యూలా వైపు, అంటే తూర్పుకి కదులుతాయి.

లోతు తక్కువ కావడం ఒకటైతే, ఈ చేపలు ఎప్పుడూ అడుగునే ఉండకపోవడం ఇంకొకటి. చాలాసార్లు నీటి మధ్యలో, ఒక్కోసారి పైనున్న పది అడుగుల్లోనే తిరుగుతుంటాయి. అలాంటి నీటి మీద మోటారు చప్పుడు చేస్తూ బోటు వెళితే కిందున్నవి రెండు పక్కలకీ తప్పుకుంటాయి. 1980ల చివర్లో జీబ్రా మస్సెల్స్ అనే చిన్న గుల్లలు ఈ సరస్సులోకి వచ్చి నీటిని వడగట్టడం మొదలుపెట్టాక నీళ్లు మునుపటికన్నా తేటబడ్డాయి. దాంతో చేపలు ఇంకా తేలిగ్గా బెదురుతున్నాయి. బోటుకి సరిగ్గా వెనకే వచ్చే ఎర, చేపలు ఖాళీ చేసి వెళ్లిపోయిన దారిలో నడుస్తుంది.

ఆ ఎరని పక్కకి, బెదరని చేపల మీదికి తీసుకెళ్లడమే ప్లేనర్ బోర్డు పని. దాంతోపాటు ఒకే బోటు నుంచి నాలుగు, ఆరు లైన్లు చిక్కుపడకుండా లాగవచ్చు. మిషిగన్‌లో ఒక్కొక్కరికి మూడు లైన్ల దాకా అనుమతి ఉంది. ఇద్దరు వెళితే ఆరు రకాల లోతుల్ని, రంగుల్ని ఒకేసారి పరీక్షించవచ్చు. అయితే బోర్డుల అసలు లాభం మొదటి చేప దగ్గర కాదు, రెండో చేప దగ్గర తెలుస్తుంది. చేప పడిన లైను ఎంత వెనక, ఎంత లోతులో, ఎంత వేగంలో ఉందో అంకెల్లో తెలిస్తే మళ్లీ సరిగ్గా అలాగే వేయొచ్చు. ఈ గైడ్ మొత్తం ఆ ఒక్క పని చుట్టూనే రాశాను.

బోర్డు ఎలా పక్కకి పోతుంది

దాదాపు అడుగు పొడవుండే పలక ఇది. ముందు అంచు ఏటవాలుగా ఉంటుంది, కింద బరువు ఉండడం వల్ల నీటిలో నిలువుగా నిలబడుతుంది. లైను పట్టుకునే క్లిప్పు పలక ముందు భాగంలో, బోటు వైపు పొడుచుకొచ్చిన చిన్న చేతికి బిగించి ఉంటుంది. గాలిపటానికి సూత్రం ఎక్కడ కట్టామన్న దాన్ని బట్టి అది గాలికి ఎలా నిలబడుతుందో తేలినట్టే, ఇక్కడ లాగే చోటుని బట్టి పలక నీటికి ఓరగా తిరుగుతుంది. ఎదురొచ్చే నీరు దాన్ని పక్కకి తోస్తూనే ఉంటుంది.

దీన్ని నేరుగా మీ చేపల లైనుకే తగిలిస్తారు కాబట్టి ఇన్‌లైన్ అంటారు. పెద్ద చార్టర్ బోట్లలో స్తంభం నుంచి తాడుతో లాగే పెద్ద జంట పలకలు వేరే పద్ధతి. చిన్న సొంత బోటుకి ఇన్‌లైన్ బోర్డులే సరిపోతాయి, ఖర్చూ తక్కువ.

ఎడమకి, కుడికి వేరువేరు బోర్డులు ఉంటాయి. క్లిప్పున్న చేయి ఎప్పుడూ బోటు వైపు చూడాలి. తారుమారైతే బోర్డు బయటికి పోకుండా బోటు వైపే వచ్చేస్తుంది. కొన్ని రకాలని రెండు వైపులకీ మార్చుకోవచ్చు. కొనే ముందు అడగండి.

సామాను

ఈరీ మీద ఎక్కువగా కనిపించేవి రెండు మిషిగన్ కంపెనీల బోర్డులు. ఒకటి ఆఫ్ షోర్ టాకిల్ వాళ్ల పసుపుపచ్చ సైడ్ ప్లేనర్. రెండోది చర్చ్ టాకిల్ వాళ్లవి, చిన్నది టీఎక్స్-22, పెద్దది టీఎక్స్-44. వాలైకి చిన్నవే చాలు. బరువైన డైవర్లు (ఎరని లోతుకి దించే పరికరాలు), సీసపు తీగ ఉన్న లైన్లు లాగేటప్పుడు పెద్దది కావాలి, ఎందుకంటే ఎర ఎంత గట్టిగా వెనక్కి లాగితే బోర్డు అంత తక్కువ పక్కకి పోతుంది. మొదట ఒక జత కొనండి చాలు. ఎడమ ఒకటి, కుడి ఒకటి నమ్మకంగా నడపడం వచ్చాక రెండో జత.

బోర్డు మీద స్ప్రింగు జెండా ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి. ఎర మీద లాగుడు పెరిగినప్పుడు ఆ జెండా వెనక్కి వాలుతుంది. పెద్ద వాలై తగిలితే బోర్డే వెనక్కి పోతుంది, దానికి జెండా అక్కర్లేదు. కానీ చేతి పొడవు కూడా లేని వైట్ పెర్చ్ ఒకటి గాలానికి తగిలి అరగంట వేలాడుతుంటే, లేదా లూర్‌కి (చేప ఆకారపు కృత్రిమ ఎరకి) నాచు పట్టుకుంటే, బోర్డు కదలికలో తేడా చాలా తక్కువగా ఉంటుంది. జెండా లేకపోతే ఆ అరగంటా చచ్చిన లైన్ని లాగుతున్నట్టే.

రాడ్ ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర అడుగుల మధ్య, మెత్తగా వంగేది కావాలి. అలల మీద బోర్డు ఊగే ఊపుని రాడ్ మింగేయాలి. బిరుసు రాడ్ అయితే ప్రతి అలకీ లూర్ గుంజుకుంటుంది, తగిలిన చేప నోరు చిరిగి జారిపోతుంది.

రీలుకి లైన్ కౌంటర్ తప్పనిసరి. ఎంత లైను వదిలామో అడుగుల్లో చూపించే ఆ చిన్న మీటరు లేకపోతే బోర్డులు కొనడం దండగ అని నా గట్టి అభిప్రాయం. ఒక జాగ్రత్త ఏమిటంటే, కౌంటర్ చూపించేది స్పూల్ (రీలులో లైను చుట్టి ఉండే చక్రం) నిండుగా ఉన్నప్పుడే నిజం. లైను తెగి తెగి స్పూల్ సగానికి వస్తే 100 అని చూపించినా నిజంగా బయటికి పోయేది అంతకన్నా తక్కువ. అన్ని రీళ్లూ ఒకే రకం అయి, ఒకే లైనుతో, ఒకే మట్టానికి నిండి ఉంటేనే ఒక రాడ్ అంకె ఇంకో రాడ్‌కి పనికొస్తుంది.

లైను విషయంలో కొత్తవాళ్లకి నా సలహా మోనో (ఒకే పోగు నైలాన్ లైను), 10 నుంచి 12 పౌండ్లది. కొంచెం సాగుతుంది, క్లిప్పు రబ్బరు దాన్ని బాగా పట్టుకుంటుంది. బ్రెయిడ్ (పోగులు అల్లిన లైను) సన్నగా, నున్నగా ఉండి మామూలు క్లిప్పులో జారిపోతుంది. బ్రెయిడే వాడాలనుకుంటే దానికోసం చేసిన క్లిప్పులు కొనుక్కోండి. ఇంకో సంగతి, ఒకే లూర్ సన్నటి లైను మీద ఎక్కువ లోతుకి, లావు లైను మీద తక్కువ లోతుకి దిగుతుంది. లోతు పట్టికలు చూసేటప్పుడు అవి ఏ లైను మీద కొలిచారో కూడా చూడాలి.

ఇవి కాక రాడ్ హోల్డర్లు, పొడుగు పిడి ఉన్న వల, పదునైన కత్తెర, చిన్న నోటు పుస్తకం. ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్. సామాన్ల డబ్బాలో కాదు, ఒంటి మీద.

క్లిప్పులు: సగం కష్టాలకి కారణం ఇక్కడే

బోర్డుకి రెండు క్లిప్పులుంటాయి, ముందు చేతికి ఒకటి, తోకకి ఒకటి. ముందుది లాగుడంతా భరిస్తుంది. తోకది లైను బోర్డుని వదిలిపోకుండా కాపాడుతుంది, చేప పడ్డప్పుడు బోర్డుని లైను వెంటే ఉంచుతుంది.

లైన్ని రబ్బరు అంచున పెట్టి వదిలేయకండి, లోపలి దాకా నెట్టండి. మధ్యలో చిన్న పిన్ను ఉన్న క్లిప్పు అయితే లైను ఆ పిన్ను వెనక్కి పోవాలి. అప్పుడు క్లిప్పు మీరు తెరిస్తే తప్ప లైన్ని వదలదు. తోక క్లిప్పు ఎప్పుడూ పిన్నుదే ఉండాలి. ముందు క్లిప్పు జారినా బోర్డు సరస్సులో కలవదు.

చేప లాగినప్పుడు ముందు క్లిప్పు ఊడిపోయేలా వదులుగా పెట్టే పద్ధతీ ఉంది. ఊడిన బోర్డు లైను మీద జారుతూ చేపకి కాస్త పైన ఉన్న పూస దగ్గర ఆగుతుంది. సాల్మన్ లాంటి పెద్ద చేపలకి అది బాగుంటుంది. వాలైకి నేను రెండు క్లిప్పులూ గట్టిగా బిగించి ఉంచడాన్నే ఇష్టపడతాను. వాలై నోరు మెత్తన కాదుగానీ అది పెద్దగా పోరాడదు. క్లిప్పు ఊడిన క్షణంలో లైను వదులైతే గాలం జారిపోతుంది.

వేగం, లోతు

వేగం జీపీఎస్ మీద చూసుకోండి. నీళ్లు ఇంకా చల్లగా ఉండే ఏప్రిల్‌లో రపాలా హస్కీ జెర్క్, బాండిట్ లాంటి పొడుగు లూర్లని గంటకి 0.8 నుంచి 1.2 మైళ్లతో లాగాలి. మే, జూన్ నెలల్లో వానపాములు గుచ్చిన హార్నెస్‌లకి (గాలాలు, నీటిలో తిరిగే చిన్న బ్లేడు కట్టిన దారాలకి) 1 నుంచి 1.5 మైళ్లు. జూలై, ఆగస్టుల్లో లూర్లు, స్పూన్లు (చెంచా ఆకారపు లోహపు ఎరలు) 1.8 నుంచి 2.5 దాకా లాగొచ్చు. జీపీఎస్ చూపించేది నేల మీద వేగం, లూర్‌కి తెలిసేది నీటిలో వేగం. ప్రవాహం ఉన్న రోజున ఒక దిశలో వెళితే చేపలు పడి, అదే గీత మీద వెనక్కి వస్తే పడకపోవడానికి ముఖ్య కారణం ఇదే. అలాంటప్పుడు లూర్ రంగు మార్చే ముందు వేగం మార్చి చూడండి.

డైవింగ్ లూర్ లోతు ముఖ్యంగా ఎంత లైను వదిలామన్న దాని మీద ఆధారపడుతుంది, వేగం కొంచెం మారినా పెద్ద తేడా రాదు. వానపాము హార్నెస్‌కి బరువు తగిలిస్తే మాత్రం లెక్క తలకిందులవుతుంది. నెమ్మదిస్తే దిగిపోతుంది, వేగం పెంచితే పైకి లేస్తుంది. ఈ తేడా తెలియక రెండు రకాలనీ కలిపి లాగుతూ వేగం మార్చేవాళ్లకి ఏ లైను ఎక్కడుందో అంతుచిక్కదు. మొదటి రోజుల్లో అన్ని లైన్ల మీదా ఒకే రకం ఎర ఉంచండి.

హార్నెస్‌కి బరువు కట్టడానికి ఈరీలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఫిఫ్టీ-ఫిఫ్టీ. 50 అడుగుల లైను వదలాలి, అక్కడ క్లిప్పుతో ఔన్సు లేదా రెండు ఔన్సుల బరువు తగిలించాలి, ఇంకో 50 అడుగులు వదలాలి, అప్పుడు బోర్డు పెట్టాలి. బరువు ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది కాబట్టి మళ్లీ అలాగే వేయడం తేలిక. నెమ్మది వేగానికి గుండ్రటి కొలరాడో బ్లేడు బాగా తిరుగుతుంది. వేగం పెరిగితే సన్నటి విల్లో ఆకారం మేలు.

ఫిష్ ఫైండర్‌లో చేపలు 18 అడుగుల దగ్గర కనిపిస్తే ఎరని 15 అడుగుల దగ్గర నడపండి. వాలై కళ్లు పైకి చూస్తాయి, పైనున్న ఎర కోసం లేచి వస్తుంది. తన కింద నుంచి పోయేదాన్ని పట్టించుకోవడం అరుదు. అలాగే పై పది అడుగుల్లో ఉన్నవి బోటు కింద కనిపించవు, ముందే పక్కకి జరిగిపోయి ఉంటాయి. తెర ఖాళీగా ఉందని సరస్సు ఖాళీ అనుకోవద్దు.

బోర్డు వేయడం

మొదటిసారి గాలి తక్కువున్న రోజు, పక్కన ఇంకో మనిషి ఉండగా చేయండి. ఒకరు స్టీరింగ్ వదలకూడదు.

1. బోటుని గాలి వీచే దిశలోనే, అలల వెంట, తిన్నగా పోనివ్వండి. ట్రోలింగ్ (కదిలే బోటు వెనక ఎర లాగడం) వేగానికి వచ్చాకే మొదలుపెట్టాలి. ఆగిన బోటు నుంచి బోర్డు వేస్తే లైను కుప్పపడుతుంది.

2. లూర్‌ని బోటు పక్కనే నీళ్లలో పెట్టి నడక చూడండి. ఒక పక్కకి ఒరిగి పోతుంటే దాని ముందు కన్నాన్ని పట్టకారుతో ఎదురు దిశలోకి రవ్వంత వంచాలి. ఓరగా ఈదే లూర్ 100 అడుగుల వెనక పక్క లైన్ని వెతుక్కుంటూ పోతుంది.

3. లూర్ నీటి మట్టానికి తాకినప్పుడు కౌంటర్ సున్నా చేయండి. స్పూల్ మీద బొటనవేలు ఉంచి నెమ్మదిగా వదలండి. ఉదాహరణకి 60 అడుగులు వచ్చాక రీలు బిగించండి. ఇది ఎరకీ బోర్డుకీ మధ్య దూరం. పుస్తకంలో రాయాల్సిన అంకె ఇదే.

4. రాడ్ కొన కిందికి దించి, లైను చేతికి అందేలా చేసుకుని బోర్డు తగిలించండి. ముందు క్లిప్పు, తర్వాత తోక క్లిప్పు. జెండా ఉంటే దాని తీగకి తగిలించాల్సిన తీరు కంపెనీ చెప్పినట్టే చేయాలి. ఒకసారి లైన్ని చేత్తో గుంజి చూడండి, జారితే ఇంకా లోపలికి నెట్టాలి.

5. బోర్డుని నీటి మీద దించి, అది తిన్నగా నిలబడి పక్కకి లాగడం మొదలుపెట్టాక లైను వదలండి. ఇక్కడ తొందర పనికిరాదు. స్పూల్‌ని పూర్తిగా వదిలేస్తే బోర్డు పక్కకి పోకుండా వెనక్కి జారిపోతుంది, లూర్ దిగి అడుగున తగులుతుంది. బొటనవేలితో కొంచెం బిగువు ఉంచితే బోర్డు తనంతట తానే బయటికి నడుస్తుంది.

6. బయటి బోర్డు అయితే ఇంకో 100 నుంచి 120 అడుగులు, లోపలిదైతే 50 నుంచి 70. కౌంటర్ మీద 60 నుంచి 160 దాకా వెళ్లిందంటే బోర్డు మీ నుంచి 100 అడుగుల లైను మీద ఉన్నట్టు.

7. రీలు బిగించి, క్లిక్కర్ (లైను జారితే చప్పుడు చేసే మీట) వేసి, రాడ్‌ని హోల్డర్‌లో నిలువుగా పెట్టండి. కొన ఎత్తులో ఉంటే లైను నీటికి తాకదు. తాకితే అలలు లైన్ని లాగి బోర్డుని వెనక్కి ఈడుస్తాయి. డ్రాగ్ (రీలు లైన్ని పట్టి ఉంచే బిగువు) బోర్డు లాగుడుకి జారకూడదు, పెద్ద చేప గుంజితే మాత్రం జారాలి. చేత్తో లాగి ఆ మధ్య చోటు పట్టుకోండి.

ఎప్పుడూ బయటి బోర్డు ముందు, లోపలిది తర్వాత. బయటి బోర్డు రాడ్ బోటు ముక్కు వైపు హోల్డర్‌లో, లోపలిది వెనక హోల్డర్‌లో ఉండాలి. తారుమారు చేస్తే లోపలి బోర్డు వెనక వచ్చే లూర్ బయటి లైను మీద పడుతుంది. లోతులోనూ ఒక పద్ధతి ఉంది. తక్కువ లోతు ఎరలు బయట, ఎక్కువ లోతువి లోపల. బయటి లైను మీద చేప పడి వెనక్కి వచ్చినప్పుడు లోపలి లూర్ల పైనుంచి దాటిపోతుంది.

బోర్డుని చదవడం

అన్నీ వేశాక చేయాల్సిన పని చూడడమే. ఐదు నిమిషాలు గమనిస్తే ఒక్కో బోర్డు మామూలు నడక అర్థమవుతుంది. ఆ నడక మారినప్పుడల్లా నీటి కింద ఏదో జరిగిందన్నమాట.

బోర్డు ఒక్కసారిగా వెనక్కి జారి పక్క బోర్డుల వరస తప్పిందా, మంచి చేప. గుంజుతూ ఆగుతూ, ముక్కు ముంచుతూ ఉంటే లూర్ అడుగుని గీస్తోంది. లైను కొంచెం లోపలికి చుట్టండి. మెల్లగా, ఏ అదురూ లేకుండా వెనకబడితే నాచు. వెనకబడుతూ జెండా వణుకుతుంటే చిన్న చేప, లేదా షీప్స్‌హెడ్ అనే డ్రమ్ చేప. అందరి బోర్డులూ బాగానే ఉండి ఒకటి మాత్రం ఎప్పుడూ మిగతావాటికన్నా ముందుకి, తేలిగ్గా పోతుంటే లూర్ ఊడిపోయి ఉండొచ్చు, లేదా పనిచేయడం లేదు. తీసి చూడాలి.

మలుపులు ఇంకా ఎక్కువ చెబుతాయి. ఎడమకి తిరిగితే కుడి బోర్డులు పెద్ద చుట్టు తిరగాలి కాబట్టి వేగం అందుకుంటాయి. ఎడమవి దాదాపు ఆగిపోతాయి, వాటి లూర్లు తేలే రకమైతే పైకి లేస్తాయి, బరువు కట్టినవైతే దిగుతాయి. అందుకే మలుపు ఎప్పుడూ పొడుగ్గా, నెమ్మదిగా ఉండాలి. బిగుతుగా తిప్పితే లోపలి వైపు బోర్డులన్నీ ఒకదాని మీదికొకటి వస్తాయి. అలా నెమ్మదిగా పాములా వంకరలు తిరుగుతూ వెళ్లడం మంచి అలవాటు. మలుపుకి బయటి వైపు లైన్ల మీదే చేపలు పడుతుంటే వేగం కొంచెం పెంచమని అర్థం. లోపలి వైపు పడుతుంటే తగ్గించమని. డబ్బు ఖర్చు లేకుండా దొరికే సమాచారం ఇది, చాలామంది దీన్ని వదిలేస్తారు.

చేప పడ్డాక

రాడ్‌ని ఝాడించి గుంజొద్దు. బోటు వేగం, బోర్డు లాగుడు కలిసి గాలాన్ని ముందే దించేసి ఉంటాయి. రాడ్‌ని హోల్డర్ నుంచి నెమ్మదిగా తీసి, వంపు తగ్గకుండా, ఒకే తీరుగా చుట్టండి. రాడ్‌ని పైకెత్తి దించుతూ చుట్టే అలవాటు ఇక్కడ వద్దు, దించిన ప్రతిసారీ లైను వదులవుతుంది. బోటు ఆపకండి. ఆపితే మిగతా బోర్డులన్నీ చచ్చుబడి లైన్లు కలిసిపోతాయి. చేప పెద్దదైనా, అలలు ఎక్కువున్నా కొంచెం తగ్గిస్తే చాలు.

చేప లాగుడుకి బోర్డు వెనక్కి వచ్చి, లోపలి లైన్ల వెనక నుంచి బోటు మధ్యకి చేరుతుంది. మీరు రాడ్‌తో బోటు వెనక భాగానికి నడవండి. బోర్డు రాడ్ కొనకి ఐదారు అడుగుల దూరంలోకి వచ్చాక చుట్టడం ఆపి, రాడ్ పైకెత్తి ఒక అడుగు వెనక్కి వేయండి. పక్కనున్న మనిషి బోర్డు అందుకుని రెండు క్లిప్పులూ తెరుస్తారు. ఆ రెండు మూడు క్షణాలే అన్నిటికన్నా టెన్షన్‌గా ఉంటాయి. లైను బిగువు తగ్గకుండా చూసుకునే బాధ్యత రాడ్ పట్టుకున్నవాళ్లది. బోర్డు తీసే మనిషి లైన్ని తన వైపు గుంజకూడదు, పైకి ఎత్తకూడదు, క్లిప్పు నొక్కి జరిగిపోవాలి.

ఇక మిగిలింది బోర్డు వెనక మీరు వదిలిన దూరం, 60 అడుగులైతే 60 అడుగులు. ఫిఫ్టీ-ఫిఫ్టీ అయితే దారిలో బరువు క్లిప్పు వస్తుంది, దాన్ని కూడా అలాగే తీయాలి. వలని ముందే నీళ్లలో పెట్టి చేప తల వైపు నుంచి ఎత్తండి. తోక వైపు నుంచి తరిమితే చేప ఒక్క ఊపున తప్పుకుంటుంది.

వెంటనే నోటు పుస్తకంలో నాలుగు మాటలు రాయండి: ఏ లూర్, ఎంత దూరం, ఎంత వేగం, ఏ దిశ. బయటి రాడ్ ఖాళీ అయింది కాబట్టి, అదే వైపున ఉన్న లోపలి బోర్డుకి ఇంకో 50 అడుగులు వదిలి బయటికి పంపండి. ఆ రాడ్‌ని ముందు హోల్డర్‌కి మార్చండి. ఇప్పుడు చేప పట్టిన రాడ్‌ని లోపలి బోర్డుగా, సరిగ్గా అదే 60 అడుగులతో వేయండి. అన్నీ తీసి మళ్లీ వేసే పని తప్పుతుంది. ఒకే అంకె మీద రెండు చేపలు పడితే ఇంకో లైన్ని కూడా ఆ అంకెకి మార్చండి. మూడోది పడితే అన్నిటినీ మార్చవచ్చు, ఒక్కటి మాత్రం వేరే లోతులో వెతుకుతూ ఉండనివ్వండి.

గాలి, అలలు, పక్క బోట్లు

లోతు తక్కువ కావడం వల్ల ఈరీలో అలలు చాలా త్వరగా లేస్తాయి. పొడుగు అలలు కావు, దగ్గర దగ్గరగా, నిటారుగా వచ్చేవి. బయలుదేరే ముందు నోవా (అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ) వాళ్ల తీర ప్రాంత అలల సూచన చూడండి. చిన్న పడవలకి హెచ్చరిక ఉన్న రోజు వెళ్లకండి. ఏప్రిల్ నీళ్లలో పడితే ఈత వచ్చినవాళ్లకి కూడా నిమిషాల్లో చేతులు మొద్దుబారతాయి.

అలల వెంట వెళితే బోర్డులు హాయిగా నడుస్తాయి. ఎదురెళితే ప్రతి అలకీ ఆగి దూకుతాయి. అందుకని చాలామంది గాలి వచ్చే వైపుకి లైన్లు తీసేసి పరిగెత్తి, అక్కడి నుంచి అలల వెంట లాగుతూ వస్తారు. మీరూ అలాగే చేయండి, గంటలో పది నిమిషాలు పోతే పోనీ. పెద్ద అలలున్న రోజు బోర్డుల మధ్య దూరం పెంచి, రెండు వైపులా ఒక్కో లైను తగ్గించండి.

పక్క బోట్ల విషయం ఒకటి గట్టిగా చెప్పాలి. లైన్లతో ట్రోలింగ్ చేసే బోటుకి సముద్రయాన నియమాల్లో చేపలు పట్టే నౌకలకి ఉండే ప్రత్యేక దారి హక్కు లేదు, తేలిగ్గా దారి మార్చుకోలేనంత పెద్ద వలలు, పొడుగు లైన్లు లాంటివి వాడే నౌకలకే ఆ హక్కు. మీ బోర్డులు రెండు వైపులా చాలా దూరం పరుచుకుని ఉన్నాయని ఎదుటివాళ్లకి తెలియకపోవచ్చు. దూరం నుంచే దారి మార్చుకోండి, వాళ్లు పిలిస్తే మీకు వినపడేలా రేడియోలో 16వ ఛానెల్ తెరిచి ఉంచండి. ఇంకొకరి బోర్డుల వెనక నుంచి దాటాల్సి వస్తే వాటి వెనక వచ్చే లూర్ల దూరాన్ని కూడా లెక్కేసుకుని బాగా వెనక నుంచి వెళ్లండి.

సరస్సులో ఒహాయో, మిషిగన్, కెనడా జలాలు పక్కపక్కనే ఉన్నాయి. లైసెన్స్, లైన్ల సంఖ్య, చేప పరిమితి ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. ఒహాయో జలాల్లో వాలై కనీసం 15 అంగుళాలు ఉండాలి, 16 ఏళ్లు నిండినవాళ్లందరికీ లైసెన్స్ ఉండాలి. రోజువారీ పరిమితి మారుతుంటుంది కాబట్టి ప్రతి ఏడూ ఆయా శాఖల వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఎండాకాలం చివర్లో మౌమీ ఖాతం వైపు నీళ్ల మీద ఆకుపచ్చ మీగడలా నీలి-ఆకుపచ్చ నాచు తేలుతుంది. 2014 ఆగస్టులో టొలీడో ఊరికి తాగునీళ్లు ఆపాల్సి వచ్చింది దీనివల్లే. అది కనిపించిన చోట లైన్లు వేయొద్దు, పిల్లల్ని నీళ్లలోకి దించొద్దు.

సొంతంగా మొదలుపెట్టే ముందు ఒకసారి పోర్ట్ క్లింటన్ నుంచి చార్టర్ బోటు మీద వెళ్లడం మంచిది. చాలా చార్టర్లు ఆరుగురు దాకా తీసుకెళతాయి. డెట్రాయిట్, క్లీవ్‌లాండ్, కొలంబస్ వైపు ఉన్న మన తెలుగు కుటుంబాలు రెండు మూడు కలిస్తే ఖర్చు పంచుకోవచ్చు. బోర్డు ఎలా తగిలిస్తున్నారో, ఎంత లైను వదులుతున్నారో దగ్గరుండి చూడనివ్వమని ముందే అడగండి.

ఇంటికొచ్చాక

బోర్డుల్ని మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, క్లిప్పుల రబ్బరు చూడండి. గట్టిపడినా, గాడి పడినా మార్చేయాలి. రబ్బరు మార్చడానికయ్యే ఖర్చు బోర్డు ధరలో చిన్న వంతు కూడా ఉండదు. మోనో మీద రోజంతా క్లిప్పు పట్టుకున్న చోట నలిగి ఉంటుంది, వేళ్ల మధ్య నుంచి లాగితే గరుకు తగులుతుంది. అక్కడిదాకా కోసేసి, కొత్త ముడి వేసి, స్పూల్‌లో తగ్గిన మేర నింపండి. బోటు అడుగున ఉన్న నీళ్లు బయటికి పారబోసి పూర్తిగా ఆరాకే వేరే సరస్సుకి తీసుకెళ్లండి, లేకపోతే జీబ్రా మస్సెల్స్ బోటుతోపాటే అక్కడికి చేరతాయి.

వాలై మాంసం తెల్లగా, తేలిగ్గా ఉంటుంది, ముళ్లు తక్కువ. పులుసులో ఎక్కువసేపు ఉంటే విడిపోతుంది కాబట్టి పులుసు పెట్టాలనుకుంటే ముక్కల్ని చివర్లో వేయాలి. నా ఓటు వేపుడికే. కారం, పసుపు, అల్లం-వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచి, బియ్యప్పిండి అద్ది పెనం మీద రెండు వైపులా కాల్చండి. ఎంత తినొచ్చన్న దాని మీద రాష్ట్ర ఆరోగ్య శాఖ సూచన ఉంటుంది, గర్భిణులూ చిన్నపిల్లలూ ఉన్న ఇంట్లో దాన్ని చూసి వండండి. పెద్ద చేపల బుగ్గల్లో రెండు చిన్న ముక్కలుంటాయి, ఫిల్లెట్ తీసేటప్పుడు వాటిని పారేయొద్దు.